ఆరోగ్య బీమా నడి ఏడాదిలో ఎందుకు తెగుచున్నది?



2024 డిసెంబరు నెలలో ఒక సాయంకాలము మా సంఘ కార్యాలయమునకు ఒక సభ్యుని భార్య వచ్చినది. ఆమె భర్త ముప్పదేండ్లుగా గుంట మగ్గము మీద మా సంఘమునకు పట్టుచీరలు నేయుచున్నాడు. ఆమె పక్కన కూర్చుండి కండెలు చుట్టును. ఆ దినమున ఆమె చేతిలో ఆస్పత్రి బిల్లు ఒకటి, బీమా కాగితములున్న సంచి ఒకటి ఉన్నవి. భర్తకు హెర్నియా ముదిరి, అర్ధరాత్రి నొప్పి భరింపలేక, దగ్గరనున్న ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చినారు. ఆపరేషను జరిగినది, ప్రాణము నిలిచినది. కాని బీమా కంపెనీ సొమ్ము ఇయ్యదని ఆస్పత్రివారు చెప్పినారు. పాలసీ నవంబరు నెలలోనే రద్దయినదట.

"సెక్రటరీగారూ, మూడేండ్లు కట్టినాము గదా! ఒక్క నెల తప్పితే అంతా పోయినట్లేనా?" అని ఆమె అడిగినది.

కాగితములు చూచితిమి. 2022 జనవరిలో తీసికొన్న పాలసీ. నెలనెలా 5వ తేదీన బ్యాంకి ఖాతానుండి వాయిదా సొమ్ము కోయుటకు ఏర్పాటు. 2024 నవంబరు 5న ఖాతాలో సొమ్ము లేదు. నెల వాయిదాకు 15 దినముల అదనపు గడువుండును. అది నవంబరు 20తో ముగిసినది. ఫోను సందేశములు కొడుకు పాత నంబరుకు పోయినవి. ఉత్తరము మాత్రము మా సంఘపు చిరునామాకు వచ్చినది, పాలసీ తీసికొన్నప్పుడు ఆ సభ్యుడు ఇచ్చిన చిరునామా అదే గనుక.

ఇచట మా తప్పును మేము చెప్పుకొనవలెను. ఆ కవరు నవంబరు 9న మా కార్యాలయమునకు చేరినది. దీపావళి అమ్మకముల లెక్కలు సర్దుచున్న పనిలో దానిని సరుకు పుస్తకముల క్రింద పెట్టితిమి. 11 దినములు అది అచటనే ఉన్నది. ఆ 11 దినములలో ఎప్పుడు సొమ్ము కట్టినను పాలసీ నిలిచియుండెడిది. ఆమె వచ్చి అడిగిన తరువాతనే వెదకి ఆ కవరు తీసితిమి.

ఆ దినము మొదలు ఈ విషయమును విచారింపవలెనని తలచితిమి. మా సభ్యులలో స్వంతముగా ఆరోగ్య బీమా తీసికొని నడి ఏడాదిలో వదలివేసిన కుటుంబములను ఒక్కొక్కరినే పిలిచి, కాగితములు ముందు పెట్టుకొని మాట్లాడితిమి. వారు చెప్పినదియు, నియమములు చదివి మేము తెలిసికొన్నదియు ఈ వ్యాసమున వ్రాయుచున్నాము.

స్వంత బీమా ఎవరికి?

2005-06లో కేంద్ర జౌళి శాఖ నేతపనివారికని ఒక ఆరోగ్య బీమా పథకము పెట్టిన సంగతి మన పెద్దలకు జ్ఞాపకముండును. కుటుంబమునకు ఏడాదికి రు. 15,000 వరకు ఖర్చు ఇచ్చెడివారు. అందులో ఆస్పత్రిలో పడుకొనని వైద్యమునకే రు. 7,500 వరకు ఉండెడిది. ప్రీమియములో అధిక భాగము ప్రభుత్వమే భరించెడిది. ఆ పథకము ఇప్పుడు లేదు. నేడు పేద కుటుంబములకు ఆయుష్మాన్ భారత్ గాని, ఆయా రాష్ట్రముల పథకములు గాని ఆధారము.

అయితే మనలో ఆ కార్డులు రానివారును కలరు. తమిళనాడున ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకమునకు కుటుంబ వార్షికాదాయము రు. 1,20,000 మించరాదు. మగ్గము కూలి ఒక్కటే అయిన లోపలనే ఉందురు. కొడుకు ఒకడు పట్నములో ఉద్యోగమునకు పోయి, అతని జీతమును ఇంటి లెక్కలో చేరిన హద్దు దాటిపోవును. పైన చెప్పిన కుటుంబము అట్టిదే. ఇట్టివారు, అద్దకపువారు, చిల్లర బట్టల దుకాణమువారు, నాలుగు మగ్గములు పెట్టుకొన్న ఆసాములు కరోనా రోజులలో బిల్లులు చూచి భయపడి 2020, 2021 తరువాత స్వంత పాలసీలు తీసికొన్నారు. వారిలోనే కొందరు నడుమ మానినారు. ఎందుకు మానినారనునదే ప్రశ్న.

మానినవారు చెప్పిన కారణములు

మొదటి కారణము, అన్నిటికన్న పెద్దది, తేదీ. ఉద్యోగికి జీతము నెల మొదట వచ్చును, వాయిదా నెల మొదట పోవును, రెండును కలియును. మనకు సొమ్ము వచ్చునది చీర కోసి సంఘమునకు తెచ్చిన దినమున. ఆ దినము ఏ తేదీన పడునో నేయువానికే తెలియదు. పైగా మా ప్రాంతమున ఆశ్వయుజము మొదలు మార్గశిరము వరకు వానలు. పడుగు ఆరదు, గుంటలో నీరు ఊరును, పట్టు తేమ పట్టును. 2024 నవంబరు ఆఖరున ఫెంగల్ తుపాను వచ్చినపుడు మా వీథిలో ఎన్నో మగ్గములు ఆగిపోయినవి. దీపావళికి వచ్చిన కూలి, బోనసు దీపావళికే చెల్లిపోవును. ఆ తరువాతి 5వ తేదీన ఖాతాలో ఏముండును? వాయిదా తప్పును. తప్పినందుకు బ్యాంకివారు అపరాధ రుసుము పట్టుదురు. మరునాడు పడిన కొద్ది సొమ్ములో అది పోవును. వాయిదాకు మరల చాలదు. పదునైదు దినములు ఇట్లే గడచును. ఈ విధముగా పాలసీ పోయినవారిలో ఎవ్వరును "మానుదము" అని తలచి మానలేదు. కొందరికి పోయినదని కూడ తెలియదు.

రెండవది, అప్పులు. ఇంటిలో ఒక వేయి రూపాయలున్నపుడు అందరును చేయి చాచుదురు. సంఘపు అడ్వాన్సు, మహిళా సంఘపు వారము బాకీ, బడి ఫీజు, పెండ్లికి తెచ్చిన సొమ్ముపై వడ్డీ. అప్పులవాడు గుమ్మములోనికి వచ్చి నిలుచుండును. బీమా కంపెనీ రాదు. వచ్చి అడుగనివానికి ఇయ్యకుండుట మనుష్య స్వభావము. ఇందులో నిర్లక్ష్యమేమియు లేదు. అడుగువారికి ముందు కట్టి మానము నిలుపుకొనవలెనను తాపత్రయమే కలదు.

మూడవది, "ఏమియు రాలేదు గదా" అను మాట. ఏడు నెలలు కట్టినారు, ఇంటిలో ఎవరికిని జబ్బు రాలేదు. సొమ్ము నీళ్ళలో పోసినట్లయినదని మానినారు. చీటీ కట్టిన పాట వచ్చును, పొదుపు నిధికి కట్టిన వడ్డీ వచ్చును, దీనికేమి వచ్చినదని ఒకరు మమ్ములనడిగినారు. బీమా చీటీ కాదు. రాత్రి కావలివానికి జీతమిచ్చి, దొంగ రాలేదు గనుక జీతము దండుగ అనుకొన్నట్లే ఈ మాట. కాని ఈ మాట అన్నవారిని తప్పుపట్టలేము. అమ్మినవారు చాలమంది దీనిని పొదుపువలె చెప్పి అమ్మినారు.

నాలుగవది, చిన్న క్లెయిము తిరస్కరింపబడిన కోపము. జ్వరమునకు మందులు కొని, రక్తపరీక్షలు చేయించి, బిల్లులు పంపిరి. సాధారణముగా ఆస్పత్రిలో 24 గంటలైనను చేరియుండవలెనని నియమము కలదు గనుక కంపెనీ ఇయ్యలేదు. మరొకరు పాలసీ తీసికొన్న ఆరు నెలలకే కంటిలో శుక్లము తీయించుకొనబోయిరి. దానికి రెండేండ్లు వేచియుండవలెనని పాలసీలో వ్రాసియున్నది. "ఇయ్యనివానికి ఎందుకు కట్టవలెను?" అని ఇద్దరును మానినారు. ఏజెంటు మొదటనే ఈ సంగతి చెప్పియుండిన ఇద్దరును మానియుండరు.

అయిదవది, మరియొక ఆధారము దొరకుట. కొడుకు హోసూరు పారిశ్రామిక వాడలో చేరినాడు, ఇ.ఎస్.ఐ. వచ్చినది. లేదా కూతురి కంపెనీలో తలిదండ్రులకు కూడ బీమా ఇచ్చినారు. లేదా ప్రభుత్వపు కార్డు చేతికి వచ్చినది. రెండింటికి ఎందుకు కట్టవలెనని మానినారు. ఈ కారణము న్యాయమైనదే. ప్రభుత్వపు కార్డు సరిగానున్న పేద కుటుంబము తిండి తగ్గించుకొని స్వంత పాలసీ కట్టవలెనని మేము చెప్పము. అయితే కొడుకు ఉద్యోగము పోయిన దినమున ఆ బీమాయు పోవును. కార్డు ఉన్నను అందులో చేరిన ఆస్పత్రులలోనే, పట్టికలోనున్న చికిత్సలకే చెల్లును. ఈ రెండును విచారించి మానినవారు కొందరే.

పోవునది కట్టిన సొమ్ము మాత్రమే కాదు

మానినవారిలో చాలమంది, "కట్టిన సొమ్మే గదా పోయినది, కావలసినపుడు మరల చేరుదుము" అన్నారు. ఇదియే పొరపాటు. మన పనిలోని ఉదాహరణముతో చెప్పెదము.

మగ్గము మీద పడుగు అయిపోవుచున్నపుడు పాత పడుగు కొసలను అచ్చులోనుండి లాగివేయము. క్రొత్త పడుగు పోగులను పాత కొసలకు ఒక్కొక్కటిగా అతుకుదుము. పాత కొసలు అచ్చులో నిలిచియున్నంతవరకే ఆ సులువు. తొందరపడి లాగివేసిన, వేల పోగులను మొదటినుండి అచ్చులో పోయవలెను.

ఆరోగ్య బీమాలో అట్లు నిలిచియుండవలసినది వేచియున్న కాలము. ఇప్పటి నియమముల ప్రకారము అది నాలుగు విధములు.

1. పాలసీ తీసికొన్న మొదటి 30 దినములు ప్రమాదము తప్ప తక్కిన జబ్బులకు సొమ్ము రాదు.

2. హెర్నియా, శుక్లము, మోకాలి చిప్ప మార్పు మొదలగు పేర్కొన్న చికిత్సలకు పాలసీనిబట్టి కొంతకాలము వేచియుండవలెను. చాల పాలసీలలో అది 24 నెలలు. 2024 నియమముల ప్రకారము 36 నెలలకు మించరాదు.

3. పాలసీకి ముందే ఉన్న చక్కెర వ్యాధి, రక్తపు పోటు వంటివానికి వేచియుండు కాలము పూర్వము 48 నెలలవరకు ఉండెడిది. 2024లో దానిని 36 నెలలకు తగ్గించినారు.

4. ఎడతెగక 60 నెలలు పాలసీ నడిచిన తరువాత, "నీవు ముందు జబ్బు చెప్పలేదు" అని కంపెనీ క్లెయిము త్రోసివేయరాదు. మోసము రుజువైన తప్ప. పూర్వము ఇది 8 ఏండ్లు.

పైన చెప్పిన సభ్యుని పాలసీలో హెర్నియాకు 24 నెలలు. 2022 జనవరినుండి లెక్కించిన 2024 జనవరికే ఆ గడువు తీరినది. నవంబరు వరకు ఎప్పుడు ఆపరేషను జరిగినను సొమ్ము వచ్చెడిది. నవంబరు 20తో ఆ నెల వాయిదా మాత్రమే గాక, మూడేండ్లుగా వేచియున్న కాలమంతయు పోయినది. ఇప్పుడు ఆ కుటుంబము క్రొత్త పాలసీ తీసికొన్నది. మొదటి దినమునుండి లెక్క మొదలు. భర్తకు మూడేండ్లు వయస్సు పెరిగినది గనుక ప్రీమియమును పెరిగినది. జరిగిన ఆపరేషను సంగతి దరఖాస్తులో వ్రాయక తప్పదు. ఆస్పత్రి బాకీకి తెచ్చిన సొమ్ముకు వడ్డీ ఇంకను కట్టుచున్నారు.

కావున వయస్సులోనున్నపుడు ఆరోగ్యముగా గడచిన నెలలు వృథా కావు. వేచియుండు కాలము తీరునది ఆ నెలలలోనే.

మానవలసివచ్చిన ఎట్లు మానవలెను?

మానక తప్పని స్థితి ఎవరికైనను రావచ్చును. అట్టివారికి ఈ నాలుగు మాటలు.

ఒకటి, వాయిదా తప్పించి ఊరకుండవలదు. ఏడాది ప్రీమియము ఒకేసారి కట్టియుండి నడుమ వద్దనుకొన్న, 7 దినముల నోటీసుతో వ్రాతమూలముగా రద్దు కోరవచ్చును. ఏడాది పాలసీ అయి, ఆ ఏడాది క్లెయిము లేనిచో మిగిలిన కాలమునకు తగిన సొమ్ము తిరిగి ఇయ్యవలెనని నియమము. రు. 12,000 కట్టినవారు ఏడు నెలలకు రద్దు చేసికొన్న, మిగిలిన అయిదు నెలలకు రు. 5,000 వచ్చుననుకొనవచ్చును. ఈ సంగతి తెలియక ఆ సొమ్ము వదలుకొన్నవారు మాలో కలరు.

రెండు, కంపెనీపై కోపమున్న పాలసీ మానుటకన్న కంపెనీ మార్చుట మేలు. 2011నుండి ఈ సౌకర్యము కలదు. గడువు తేదీకి నెలన్నరకు ముందే క్రొత్త కంపెనీకి దరఖాస్తు పెట్టుకొన్న, వారు అంగీకరించిన పక్షమున, పాత మొత్తము మేరకు వేచియున్న కాలము కూడ వెంట వచ్చును. పాత పాలసీ తెగిన తరువాత ఇది సాధ్యము కాదు.

మూడు, సొమ్ము భారమైనచో గడువు తేదీన బీమా మొత్తమును తగ్గించుకొనుటకు అడుగవలెను. పది లక్షలది అయిదు లక్షలు చేసికొన్న ప్రీమియము తగ్గును, పాలసీ నిలుచును. 2025 సెప్టెంబరు 22నుండి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీలపై జి.ఎస్.టి. ఎత్తివేసినారు. అంతకుముందు రు. 12,000కు పన్ను 18 శాతము చొప్పున రు. 2,160 అదనముగా కట్టవలసివచ్చెడిది. భారమని మానినవారు ఈ లెక్క మరల చూచుకొనవలెను.

నాలుగు, ఉద్యోగపు బీమా వచ్చినదని మానువారు మూడు ప్రశ్నలు అడుగవలెను. తలిదండ్రులు అందులో చేరినారా? ఉద్యోగము విడిచిన, అదే కంపెనీలో స్వంత పాలసీగా మార్చుకొనుటకు వీలున్నదా? మన ఊరికి దగ్గరనున్న ఏ ఆస్పత్రిలో చెల్లును? మూడింటికిని సరియైన జవాబు వచ్చినపుడు నిశ్చింతగా మానవచ్చును.

క్లెయిము అన్యాయముగా త్రోసివేసినారని తోచిన, మొదట కంపెనీ ఫిర్యాదుల అధికారికి వ్రాయవలెను. అచట న్యాయము జరుగనిచో ఇన్సూరెన్సు ఆంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చును. దానికి రుసుము లేదు, వకీలు అక్కరలేదు. పాలసీ మానివేసిన మాత్రమున ఆ క్లెయిము సొమ్ము రాదు గదా!

తెగకుండుటకు ఉపాయము

తేదీ కుదరకపోవుట మొదటి కారణమని చెప్పితిమి. కావున ఉపాయమును అచటనే వెదకవలెను.

పాలసీ ఏ నెలలో మొదలు పెట్టవలెనో అది మన చేతిలోనే ఉన్నది. ఏజెంటు వచ్చిన నెలలో గాక, మన చేతిలో సొమ్ము ఆడు నెలలో మొదలు పెట్టవలెను. మా ప్రాంతమున దీపావళికి ముందు నెల అట్టిది. ఆ నెలలో ఏడాది సొమ్ము ఒకేసారి కట్టిన, వానకాలమున వాయిదా భయము లేదు. ఒకేసారి కట్టలేనివారు నెల వాయిదాకన్న మూడు నెలల వాయిదా కోరుట మంచిది. నెల వాయిదాకు అదనపు గడువు 15 దినములే. తక్కినవానికి 30 దినములు. ఏడాది నడుమ వచ్చు వాయిదాలకు ఆ అదనపు గడువులో కూడ బీమా నిలిచియుండును. కాని ఏడాది ముగిసి పాలసీ తిరిగి వ్రాయించు సమయమున, గడువు తేదీ దాటి కట్టిన దినము వరకు జరిగిన చికిత్సకు సొమ్ము రాదు. వేచియున్న కాలము మాత్రము నిలుచును. ఈ భేదము గుర్తుంచుకొనవలెను.

వాయిదాలపై కట్టువారు మరియొక సంగతియు తెలిసికొనవలెను. నడుమ క్లెయిము వచ్చినచో ఆ ఏడాది మిగిలిన వాయిదాలన్నిటిని కంపెనీ క్లెయిము సొమ్ములోనుండి పట్టుకొనును. మోసమని భ్రమపడవలదు.

మా సంఘమున 2025 దీపావళికి ముందు ఒక ఏర్పాటు చేసితిమి. కూలిలో రూపాయికి ఇన్ని పైసలని పొదుపు నిధికి పట్టుట సహకార సంఘములకు పాత అలవాటే. అదే త్రోవలో, కోరిన సభ్యులవద్ద వ్రాతమూలమైన అంగీకారము తీసికొని, చీర తెచ్చిన ప్రతిసారి కొంత సొమ్ము వారి పేరనే బ్యాంకిలో వేరుగా జమ చేయుచున్నాము. ఏడాదికి 40 చీరలు కోయు ఇంటికి రు. 12,000 కావలెనన్న, చీరకు రు. 300 పడును. చీర లేని వారము కోతయు లేదు. సొమ్ము సంఘము చేతిలో ఉండదు. పుస్తకము సభ్యుని ఇంటిలోనే ఉండును. మగ్గము రెండు నెలలు ఆగిపోయిన ఇండ్లవారికి ఇదియు చాలుట లేదని మాకు తెలియును. వారి విషయము పాలకవర్గపు ముందు పెట్టితిమి, ఇంకను తేలలేదు.

రెండవ ఏర్పాటు ఖర్చు లేనిది. కూలి రిజిస్టరులో ప్రతి సభ్యుని పేరెదుట ఒక గడి గీచి, పాలసీ గడువు తేదీ వ్రాసితిమి. ఆ తేదీకి నెల ముందు కూలి ఇచ్చునపుడు ఆ సంగతి చెప్పుచున్నాము. సభ్యునికి మాత్రమే గాక అతని భార్యకును చెప్పుచున్నాము. చాల ఇండ్లలో పాలసీ ఉన్నదని ఆమెకు తెలియును, తేదీ తెలియదు. ఆస్పత్రికి పరుగెత్తునది ఆమెయే. బీమా కంపెనీలనుండి వచ్చు కవర్లు చేరిన దినముననే ఇంటికి పంపవలెనని కార్యాలయపు కుర్రవానికి ఆజ్ఞ.

ఇతర రాష్ట్రముల సోదరులకు

ఈ పత్రిక చదువు సోదరులు నాలుగైదు రాష్ట్రములలో ఉన్నారు. స్వంత పాలసీ నియమములు దేశమంతట ఒక్కటే. ప్రభుత్వ పథకములు మాత్రము వేరు వేరు. కర్ణాటకలో 2003లో మొదలై, 2018లో ఆగి, 2022లో మరల ఆరంభమైన యశస్విని పథకము సహకార సంఘముల సభ్యులకు ఉద్దేశింపబడినది. ఏడాదికొకసారి సంఘము ద్వారానే చందా కట్టుదురు. సంఘము గుర్తుచేయు పద్ధతికి అది మంచి ఉదాహరణము. మహారాష్ట్రలో, షోలాపురము సోదరులకు, మహాత్మా జ్యోతిరావు ఫులే పథకము కలదు. ఒడిషాలో, బరంపురము సోదరులకు, 2025నుండి ఆయుష్మాన్ భారత్ రాష్ట్ర పథకముతో కలిసి నడచుచున్నది. యానాము పుదుచ్చేరి పాలనలోనిది. కాని అచటివారికి పెద్ద ఆస్పత్రి అనిన కాకినాడయే దగ్గర. బరంపురమువారు విశాఖపట్టణము, షోలాపురమువారు హైదరాబాదు పోవుటయు కలదు. రాష్ట్రము దాటి వైద్యమునకు పోవువారు తమ కార్డు అచట చెల్లునా అని ముందుగా విచారించి, ఆ తరువాతనే స్వంత పాలసీ మాట ఆలోచింపవలెను.

70 ఏండ్లు నిండిన పెద్దలకు 2024 అక్టోబరు 29నుండి, ఆదాయముతో నిమిత్తము లేకుండ, ఆయుష్మాన్ భారత్ క్రింద ఏడాదికి రు. 5,00,000 వరకు వైద్యము కలదు. స్వంత పాలసీ ఉన్నవారును అర్హులే. ఇంటి పెద్దలకు ఆ కార్డు తీయించుట మన కర్తవ్యము.

మనవి

ఆ సభ్యుడు నాలుగు నెలల తరువాత మరల మగ్గమెక్కినాడు. బరువెత్తరాదని డాక్టరు చెప్పినందున దోనె ఎత్తుటకు పక్కింటి కుర్రవాడు వచ్చును. అతని క్రొత్త పాలసీ తేదీ మా రిజిస్టరులో ఎర్ర సిరాతో వ్రాసియున్నది. హెర్నియా మరల రాకుండ రెండేండ్లు గడువవలెనని ఆయమ్మ దేవునికి మ్రొక్కుకొన్నది. మ్రొక్కు ఆమెది, తేదీ మాది.

ఇతర సంఘముల కార్యదర్శులకు మా మనవి ఒక్కటే. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టుడు. మీ సభ్యులలో ఎవరి పాలసీ ఏ తేదీకి తీరునో ఒక పుట వ్రాసి ఉంచుడు. మగ్గము ఆగిపోయిన నెలలలో వాయిదా నిలుపుటకు మీ సంఘమున మంచి ఉపాయమేదైన దొరకినచో ఈ పత్రికకు వ్రాయుడు. అది మాకును కావలసియున్నది.

— కార్యదర్శి, చేనేత సహకార సంఘము